ముందు మీరు ఎవరి తరఫు మనిషో చెప్పండి: విజయనగరం ఇళ్ల మధ్యవర్తులకు బహిరంగ లేఖ

విజయనగరం పట్టణంలోనూ, చుట్టుపక్కల మండలాల్లోనూ ఇళ్లు, ఇళ్ల స్థలాల క్రయవిక్రయాలకు మధ్యవర్తులుగా వ్యవహరిస్తున్న పెద్దలకు, మిత్రులకు నమస్కారాలు.

నేను రైల్వేలో గూడ్సు గార్డుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. 2022లో మా ఉద్యోగం పేరును ట్రైన్ మేనేజరుగా మార్చారు గానీ ఊళ్లో ఇప్పటికీ నేను గార్డునే; మీలో చాలామంది కూడా నన్ను "గార్డు గారూ" అనే పిలిచారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ క్వార్టర్లలో గడిచిపోవడం వల్ల సొంత ఇంటి ఊసు ఎత్తలేదు. విరమణ దగ్గర పడ్డాక, క్వార్టరు ఖాళీ చేయవలసిన రోజు గుర్తొచ్చి, ప్రావిడెంట్ ఫండూ గ్రాట్యుటీ కలిపి చేతికి రాబోయే సొమ్ముతో ఒక ఇల్లు కొనుక్కోవాలని బయలుదేరి, ఏడు నెలల పాటు మీలో పదకొండు మంది వెంట తిరిగి, పంతొమ్మిది ఇళ్లు చూశాను. ఆ తిరుగుడులో నాకు అర్థమైన ఒక విషయాన్ని మీ ముందు పెట్టడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మీరు కమీషను తీసుకోవడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఏ వీధిలో ఏ ఇల్లు అమ్మకానికి ఉందో, ఏ ఇంటి అన్నదమ్ముల మధ్య పంపకాలు ఇంకా తేలలేదో, ఏ సందులోకి వేసవిలో కుళాయి నీళ్లు రావో తెలిసిన మనిషికి ఆ తెలివికి తగిన ప్రతిఫలం దక్కవలసిందే. నా అభ్యంతరమల్లా ఒక్కటే. మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో, ఎవరి దగ్గర ఎంత తీసుకుంటున్నారో ఇల్లు చూపించే ముందు చెప్పరు. ఎవరైనా అడిగితే నోటితో ఏదో అంటారే తప్ప కాగితం మీద పెట్టరు. "ఏటండీ గార్డు గారూ, మన మధ్య కాగితాలేటి?" అన్న మాట ఆ ఏడు నెలల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ముప్ఫై ఏళ్లకు పైగా, బ్రేకుల ధ్రువపత్రం మీద డ్రైవరూ నేనూ సంతకాలు పెట్టుకున్న తరువాతే గూడ్సు బండిలో కాలు పెట్టినవాడిని కాబట్టి ఆ మాట నాకు మరీ ఎబ్బెట్టుగా వినిపించింది.

నాకు జరిగింది చెబుతాను. రింగ్ రోడ్డుకు కొంచెం లోపలగా, 150 గజాల్లో కట్టిన ఒక డాబా ఇల్లు మీలో ఒకరు చూపించారు. పేరు రాయను, వారికి తెలుసు. ఉత్తర ముఖం, పెరట్లో కరివేపాకు మొక్క, ఒక జామచెట్టు, మోకాలి లోతు నీరున్న నుయ్యి. ధర 58 లక్షలు, కమీషను ఒక శాతం అన్నారు. ఇల్లు చూస్తున్నంతసేపూ ఆయన మాకూ ఆ ఇంటి యజమానురాలికీ మధ్యనే నిలబడ్డారు. నేను నీళ్ల సంగతి అడిగితే ఆయనే జవాబు చెప్పారు. నా భార్య వంటింటి గోడ చెమ్మ సంగతి అడిగితే అదీ ఆయనే చెప్పారు. బయటికి వచ్చాక, "ఆవిడతో రేటు మాట్లాడకండి గార్డు గారూ, పెద్దావిడ, పట్టింపు మనిషి, అసలు అమ్మననేస్తాది" అన్నారు. సిరిమాను పండుగ దాటితే ఆ వీధిలో గజం ధర పెరుగుతుందని, ఇంకొకరు టోకెను, అంటే బయానా సొమ్ము, ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారని కూడా చెప్పడంతో, గుమ్మం బయట నిలబడే ఫోనులో 50 వేలు ఆయన ఖాతాకు పంపాను. రసీదు అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. అది నా తప్పు.

మరునాడు ఉదయం గొడుగు అక్కడే మరచిపోయానని గుర్తొచ్చి ఒక్కణ్ణే వెళ్లాను. ఇంటావిడ గొడుగు తెచ్చి ఇచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. స్టీలు గ్లాసు చేతికి అందిస్తూ, "బాబూ, ఏబై రెండుకి సరేనన్నాను గానీ, ఇంకో లక్ష కలపరాదా, మీ సొమ్మేటి పోద్ది?" అంది. టీ చల్లారిపోయే వరకూ నాకు లెక్క కుదరలేదు. ఆవిడకు ముట్టేది 52 లక్షలు. నేను పెట్టేది 58 లక్షలు, దాని మీద కమీషను మరో 58 వేలు. నడిమి 6 లక్షల సంగతి ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. నేను పంపిన టోకెను సొమ్ము ఆవిడ కంట పడనేలేదు.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. ఆ 6 లక్షలనూ నగదుగా ఇవ్వాలని, రిజిస్ట్రేషను 52 లక్షలకే చేయిద్దామని ఆయన నాకు ముందే చెప్పారు. స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషను ఫీజు ఒకటి, మొత్తం ఏడున్నర శాతం కాబట్టి, 6 లక్షలు తగ్గించి చూపిస్తే నాకు 45 వేలు మిగులుతాయని వేళ్ల మీద లెక్క కట్టి మరీ చూపించారు. నాకు 45 వేలు మిగిల్చే నెపంతో 6 లక్షలు తన జేబులో వేసుకునే ఏర్పాటు అదని ఆ అరుగు మీద కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు. పైగా స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపై సొమ్మును నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచి చెబుతోంది. తీసుకున్నవారికి తీసుకున్నంత జరిమానా పడుతుంది. అంటే ఆ వ్యవహారం బయటపడిన రోజున సమాధానం చెప్పుకోవలసిన బెడద, ఆ సొమ్ము ముఖమే చూడని పెద్దావిడ మీద పడేది. విరమణ సొమ్ము అంతా బ్యాంకు ఖాతాలోకే వచ్చే నాబోటివాడికి నల్ల డబ్బూ తెల్ల డబ్బూ అంటూ రెండు రకాలు ఎక్కడి నుంచి వస్తాయన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు.

ఆ ఇల్లు నేను కొనలేదు. సంగతి తెలిసి ఆవిడ కొడుకు, గొడవలెందుకని అమ్మకమే మానేశాడు. నా 50 వేలలో 40 వేలు మూడు నెలల మీద నాలుగు విడతలుగా వచ్చాయి. మిగిలిన పదివేలు "తిరిగిన ఖర్చులు" అన్నారు.

దీన్ని మీ వాడుకలో నెట్ రేటు అంటారని ఆ తరువాత తెలిసింది. "నా చేతికి ఇంత రావాలి, ఆపైన నీ ఇష్టం" అని అమ్మేవారు తెలిసే ఒప్పుకుంటే అది మీకూ వారికీ సంబంధించిన విషయం, నేను కలగజేసుకోను. అలా ఒప్పుకున్న రోజున మీరు అమ్మేవారి పక్షాన ఉన్నట్టు. అటువంటప్పుడు "నేను మీ మనిషినండీ, ఎంత తగ్గించగలనో చూస్తాను" అని నాతో చెప్పి, నా దగ్గరా కమీషను పుచ్చుకోవడం ఏ న్యాయం? ఇది కొత్త కాలపు ప్రశ్న కూడా కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఏజెంటు ఎలా మెలగాలో రాసి ఉంది. అడిగినప్పుడు లెక్క చూపాలని 213వ సెక్షను చెబుతోంది. తనను నియమించుకున్నవారికి తెలియకుండా ఆ వ్యవహారంలోనే సొంత బేరం చేసుకుంటే, వచ్చిన లాభాన్ని వారు ఏజెంటు నుంచి రాబట్టుకోవచ్చని 216వ సెక్షను చెబుతోంది. తప్పుగా నడుచుకున్న పనికి ప్రతిఫలం అడిగే హక్కే లేదని 220వ సెక్షను చెబుతోంది.

స్థిరాస్తి అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం వచ్చింది కదా, ఇంకా ఈ గోల ఏమిటని మీరు అనవచ్చు. 2016లో చేసి, 2017 మే 1 నాటికి పూర్తిగా అమల్లోకి తెచ్చిన ఆ చట్టం, ప్రాజెక్టుల్లోని ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు ముందుగా రిజిస్టరు చేసుకోవాలని, తన రిజిస్ట్రేషను నంబరును ప్రతి అమ్మకంలోనూ పేర్కొనాలని, ప్రాజెక్టు రిజిస్టరు కాకుండా దానిలో అమ్మకం జరిపించకూడదని, ఖాతా పుస్తకాలు నిర్వహించాలని, కొనేవారికి అందవలసిన పత్రాలన్నీ అందేలా చూడాలని విధించింది. రిజిస్ట్రేషను లేకుండా ఈ పని చేస్తే రోజుకు 10 వేల రూపాయల చొప్పున, అమ్మిన ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా ఉంది. మంచి చట్టమే. కానీ అది ప్రమోటరు, అంటే ఫ్లాట్లు కట్టించి లేదా లేఅవుటు వేసి అమ్మేవారు, అమ్మే ప్రాజెక్టులకు వర్తిస్తుంది. ఒక కుటుంబం తన పాత ఇంటిని మరొక కుటుంబానికి అమ్ముకునేటప్పుడు నడుమ నిలిచే మనిషికి ఈ రిజిస్ట్రేషను నియమం తగలదు. నేను చూసిన పంతొమ్మిది ఇళ్లలో పదిహేను అటువంటి పాత ఇళ్లే. మన ఊళ్లో గంటస్తంభం నుంచి బాబామెట్ట దాకా, తోటపాలెం నుంచి కంటోన్మెంటు దాకా రోజూ జరిగే అమ్మకాల్లో ఇలాంటివే ఎక్కువగా కనిపిస్తాయి. అక్కడ కొనేవాడికి అండ మీ మాట ఒక్కటే. అందువల్లే ఈ లేఖను ఏ అధికారికీ రాయకుండా నేరుగా మీకే రాస్తున్నాను.

కొనేవాళ్ల తప్పులు కూడా చెప్పకపోతే ఈ లేఖకు విలువ ఉండదు. ఎండలో మీ బండి వెనుక కూర్చుని నాలుగు ఇళ్లు చూసి, సాయంత్రం దొంగచాటుగా ఇంటివారి దగ్గరకు వెళ్లి, "నడుమ బ్రోకరెందుకు, ఆ కమీషను మనమే చెరిసగం తగ్గించుకుందాం" అని బేరం కుదుర్చుకునేవారు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. నేను నిజంగానే గొడుగు మరచిపోయాను. కావాలని మరచిపోయేవాళ్లు కూడా ఉంటారు. ఇంటివారితో మమ్మల్ని మాట్లాడనివ్వకుండా మీరు అడ్డుగా నిలబడటానికి ఆ భయం కూడా ఒక కారణమని నేను ఒప్పుకుంటాను. కాగితం ఉంటే ఆ భయం మీకూ తీరుతుంది. ఫలానా ఇంటిని ఫలానా తేదీన మీరు చూపించారని, అది కొంటే ఇంత ఇస్తానని నేను సంతకం పెట్టాక, మీ వెనుక నేను ఎక్కడికి వెళ్లి ఎవరితో మాట్లాడినా మీ కమీషను మీకు రావలసిందే.

ఆ కాగితంలో ఏముండాలో నా ఆలోచన చెబుతాను. ఇల్లు చూపించే ముందే, మీరు కొనేవారి పక్షమో, అమ్మేవారి పక్షమో, ఇద్దరికీ మధ్యవర్తో ఒక వాక్యంలో రాయండి. ఎవరి నుంచి ఎంత శాతం తీసుకుంటారో, అమ్మేవారితో నెట్ రేటు మాట్లాడుకున్నారో లేదో రాసి, ఆ కాగితాన్ని ఇద్దరికీ చూపించండి. టోకెను సొమ్ము అమ్మేవారి ఖాతాకే వెళ్లాలని, బేరం కుదరకపోతే ఎన్ని రోజుల్లో, ఎంత తిరిగి వస్తుందో రాయండి. చివరిది అన్నిటికన్నా ముఖ్యమని నేననుకునేది: ఆ ఆస్తి గురించి మీరు స్వయంగా ఏయే పత్రాలు చూశారో, ఏవి చూడలేదో రాయండి.

ఈ చివరి మాట మీద కొంచెం ఆగుతాను. "డాక్యుమెంట్లన్నీ క్లియరండీ" అన్నది మీ నోట నేను ఎక్కువసార్లు విన్న వాక్యం. ఎవరు చూశారని అడిగితే "మన లాయరు గారు చూశారు" అంటారు. మన లాయరు అంటే మీ లాయరు. ఒక ఇంటికి పన్నెండేళ్ల ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, తెచ్చి చూపించారు. ముప్ఫై ఏళ్లది కావాలని నేను అడిగితే అనుమానం మనిషినన్నారు. పోనీ ముప్ఫై ఏళ్ల ఈసీ శుభ్రంగా ఉందనుకున్నా, అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టరు చేయని వీలునామా అందులో ఉండదు, తెల్లకాగితం మీద రాసుకున్న అగ్రిమెంటు ఉండదు, పెద్దల సమక్షంలో నోటి మాటగా జరిగిన పంపకం ఉండదు. అలా ఈసీ శుభ్రంగా ఉన్న ఒక ఇంటి విషయంలో, ఆ వీధి చివర కిళ్లీ కొట్టతను నాకు సోడా కొట్టి ఇస్తూ, ఆ ఇంటి ఆడపడుచు వాటా కోసం కోర్టుకు వెళ్లిందని చెప్పాడు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో, పెళ్లయినవారితో సహా కూతుళ్లందరికీ పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. అమ్ముతున్నవారికి అక్కచెల్లెళ్లు ఎంతమంది, వారందరూ దస్తావేజులో సంతకం పెడతారా అన్న ప్రశ్నను నాకన్నా ముందు మీరు అడగవలసింది. కిళ్లీ కొట్టతనికి తెలిసిన సంగతి, ఆ వీధిలో మూడు ఇళ్లు అమ్మించిన మధ్యవర్తికి తెలియదంటే నేను నమ్మలేను.

అలాగే మనది జమీందారీ ఉన్న ప్రాంతం. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత కూడా ఇనాములని, దేవాదాయ భూములని, డి-పట్టాలని ఈ నేల మీద ఎన్నో రకాల చిక్కులు మిగిలాయి. పేదలకు డి-పట్టాగా ఇచ్చిన భూమి చేతులు మారకుండా 1977లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. రిజిస్ట్రేషను చట్టంలోని 22-ఎ సెక్షను కింద, రిజిస్టరు చేయకూడని భూముల నిషేధిత జాబితా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఉంటుంది. ఆ సర్వే నంబరు జాబితాలో ఉందో లేదో చూసి రావడం మీకు ఒక పూట పని. ఆ దారులేవీ తెలియని నాకు వారం రోజుల తిరుగుడు. ఆ ఒక్క పూటకు విలువ కట్టి కమీషనులో కలుపుకోండి, నేను సంతోషంగా ఇస్తాను. నేను బ్యాంకు అప్పు తీసుకోలేదు కనుక నా తరఫున పత్రాలు చూసేందుకు బ్యాంకు లాయరు కూడా లేరు. అప్పు తీసుకునేవారితో మీరు "బ్యాంకు లోనిచ్చిందంటే ఇక తిరుగు లేదండీ" అంటుంటారు గానీ, బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు సొమ్ముకు భద్రత ఉందా అన్నది. కొనేవారు తమ లాయరును తాము పెట్టుకోవలసిందే.

ఫ్లాట్ల సంగతి క్లుప్తంగా. 1,250 చదరపు అడుగులని చెప్పిన ఒక ఫ్లాటును నేనూ నా భార్యా టేపు పెట్టి కొలిస్తే గోడల లోపల 890 వచ్చింది. మెట్లూ, లిఫ్టూ, వరండా వాటా కలిపి చెప్పడం రివాజేనని మీ మిత్రులొకరు అన్నారు. ఫ్లాటు లోపల నిజంగా వాడుకునే విస్తీర్ణాన్ని కార్పెట్ ఏరియా అంటారు; అదేమిటో రెరా చట్టం నిర్వచించి పెట్టింది. ఆ అంకె కూడా పక్కనే చెప్పడానికి అడ్డేమిటో నాకు బోధపడలేదు.

భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి రోడ్డు పొడవునా వెలిసిన ఫ్లెక్సీల గురించి రాయాలంటే వేరే లేఖ కావాలి. ఒక్క మాట మాత్రం అంటాను. 500 చదరపు మీటర్లు దాటిన, అంటే సుమారు 12 సెంట్లకు మించిన లేఅవుటుకు రెరా రిజిస్ట్రేషను లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. ఆ నంబరు లేని ఫ్లెక్సీ పక్కన ఎర్ర జెండాలు పాతి, "పంచాయతీ అప్రూవల్ ఉందండీ" అని కారులో ఎక్కించుకుని తీసుకెళ్లేవారు, అక్కడ కొన్నవాడు రేపు ఇంటి ప్లాను కోసం వెళ్లినప్పుడు ఆ కారును పంపుతారా?

చివరకు నాకు ఇల్లు కుదిర్చినది కూడా మీలో ఒకరే. ఆయన మొదట చూపించబోయిన ఇంటి దారి వరకు తీసుకెళ్లి, సందు మొదట్లోనే బండి ఆపి, "గార్డు గారూ, ఇది మీకు చూపిస్తానన్నాను గానీ, ఈ దారి మీద పక్కవాళ్లతో తగాదా ఉంది, రాత్రి విన్నాను, వద్దు" అన్నారు. ఆ రోజు ఆయనకు పెట్రోలు ఖర్చు తప్ప ఏమీ మిగల్లేదు. రెండు వారాల తరువాత దాసన్నపేట వైపు ఇంకో ఇల్లు చూపించే ముందు, నేను పట్టుబట్టగా, గోడ మీది క్యాలెండరులో అయిపోయిన నెల కాగితాన్ని చింపి, వెనుక వైపు బాల్‌పెన్నుతో రాశారు: "కొనేవారి దగ్గర 1 శాతం. అమ్మేవారి దగ్గర 1 శాతం. ఇద్దరికీ తెలుసు. లింకు డాక్యుమెంట్లు 1989 నుంచి చూశాను. మున్సిపల్ ప్లాను చూడలేదు." కింద తేదీ వేసి సంతకం పెట్టారు. లింకు డాక్యుమెంట్లంటే ఆ ఇల్లు అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు. ప్లాను చూడలేదన్నారు కాబట్టి ఆ ఒక్కటీ నేను వెళ్లి చూసుకున్నాను. పై గది ప్లానులో లేదని తేలింది. ఆ సంగతి ముగ్గురమూ ఒకేచోట కూర్చుని మాట్లాడుకుని, అందుకు తగ్గట్టు ధర తగ్గించుకున్నాం. ఎవరికీ ఎవరి మీదా కోపం రాలేదు. ఆ క్యాలెండరు కాగితం ఇప్పుడు నా దస్తావేజులతో పాటే బీరువాలో ఉంది.

మా తమ్ముడు వచ్చే ఏప్రిల్‌లో రిటైరవుతున్నాడు. ఇక్కడే, మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో, 50 లక్షల లోపు ఇల్లు చూడమన్నాడు. సొమ్ము మొత్తం బ్యాంకు ద్వారానే ఇస్తాడు. కమీషను ఒక శాతం ఇస్తాడు. ఆ కాగితం ముందు రాసి ఇచ్చేవారు ఎవరైనా సరే, ఆదివారం తప్ప ఏ రోజైనా ఉదయం తొమ్మిది లోపు మా ఇంటికి రావచ్చు. ఇల్లు ఎక్కడో మీలో చాలామందికి తెలుసు.

ఇట్లు,
ఒక విశ్రాంత గూడ్సు గార్డు,
విజయనగరం.